తుమ్మి: ఒక చిన్న మొక్క, దాని పేర్ల చరిత్ర

తొలకరి వానలు కురిసిన కొన్ని వారములకు మెట్టచేల గట్లమీదను, బాటల ప్రక్కలను, పాడుపడిన దొడ్లలోను ఎవరును విత్తకయే మొలచి, తెల్లని చిన్న పూలతో కనుపించు మొక్క తుమ్మి. రైతునకు ఇది కలుపు. పిల్లలకు ఇది తేనెపూవు. పూవును గిల్లి మొదలు చప్పరించిన నాలుకకు తీపి తగులును. శివపూజ చేయువారికి ఇది పవిత్రపుష్పము. నాటువైద్యము తెలిసిన పెద్దలకు ఇది మందు. తెలంగాణమున వినాయక చవితినాడు ఇది కూర. ఇంత సామాన్యమైన మొక్కకు చరిత్ర యేమి యుండునని తోచవచ్చును. కాని దీని పేరును పట్టుకొని వెనుకకు నడచినచో ద్రావిడ భాషల పూర్వబంధుత్వమును, కోరమాండల్ తీరమున ఆధునిక వృక్షశాస్త్రము వేరూనిన విధమును, ఆ శాస్త్రమునకు తోడ్పడిన తెలుగువారి పనియు ఒకదాని వెంట నొకటి కనుపించును. తెలుగుదేశమునకు వెలుపల తరతరములుగా నివసించు తెలుగువారికి ఈ చరిత్రతో ప్రత్యేకమైన సంబంధము కలదు. దానిని చూపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మొక్క స్వరూపము

తుమ్మి పుదీనా కుటుంబమునకు చెందినది. వృక్షశాస్త్రజ్ఞులు ఈ కుటుంబమును పూర్వము లేబియేటే అనుచుండిరి. నేడు లామియేసీ అను పేరు ఎక్కువ వాడుకలో నున్నది. రెండు పేర్లును శాస్త్రనియమముల ప్రకారము చెల్లుబాటగునవియే. లేబియేటే అనగా పెదవులు గల పూలవి యని అర్థము. తులసి, మరువము, రుద్రజడ, మొగబీర మొదలగునవి తుమ్మికి జ్ఞాతులు. ఇటీవలి దశాబ్దముల పరిశోధనల వలన వావిలియు, టేకును గూడ ఈ కుటుంబమునందే చేర్పబడినవి. గట్టుమీది తుమ్మియు, అడవిలోని టేకు మ్రానును ఒకే వంశమువని వినువారికి ఆశ్చర్యము కలుగును గాని, పూవు కాయల నిర్మాణమును, జన్యువులను పోల్చి చూచిన పిమ్మట ఏర్పడిన నిర్ణయమిది.

కుటుంబమునకు తెలుగులో పేరిచ్చిన పుదీనా మన నేలకు పరాయిది. దాని పేరు పారసీకము నుండి వచ్చినది. తుమ్మి యట్టిది కాదు. మొక్కయు దేశీయమే, పేరును దేశీయమే.

శాస్త్రజ్ఞులు ల్యూకాస్ ఆస్పెరా అని పిలుచు తుమ్మి ఏకవార్షికము. జానెడు మొదలుకొని మోకాలెత్తు వరకు పెరుగును. కాండము గుండ్రముగా నుండదు. వ్రేళ్లతో త్రిప్పి చూచిన నాలుగు పలకలు స్పష్టముగా తెలియును. పుదీనా కుటుంబపు మొక్కలలో పెక్కింటికి ఇది సామాన్య లక్షణము. ఆకులు ఎదురెదురుగా, సన్నగా, పొడవుగా నుండును. కాండముమీదను ఆకులమీదను గరుకైన నూగు కలదు. ఆస్పెరా అను లాటిన్ పదమునకు గరుకైనది యని అర్థము. ల్యూకాస్ అనునది తెలుపును తెలుపు గ్రీకు పదము నుండి వచ్చినది. తెల్లపూల గరుకు మొక్క యని మొత్తము అర్థము.

పూలు కణుపుల కడ కాండము చుట్టును గుంపులుగా పూయును. ఒక్కొక్క పూవు అడుగున గొట్టము వంటి ఆకుపచ్చని పుష్పకోశము కలదు. దాని మూతి యేటవాలుగా నుండి, అంచున చిన్న చిన్న దంతములు కనుపించును. ఆ గొట్టము నుండి రెండు పెదవుల తెల్లపూవు వెలికి వచ్చును. పై పెదవి చిన్న టోపీవలె వంగి, దట్టమైన తెల్లని నూగుతో నిండి యుండును. క్రింది పెదవి వెడల్పై, మూడు తమ్మెలుగా చీలి, నడిమి తమ్మె పెద్దదిగా నుండును. నాలుగు కేసరములు పై పెదవి చాటున దాగియుండును. తేనె కొరకు వచ్చిన తేనెటీగ క్రింది పెదవిపై వ్రాలి తల లోనికి దూర్చునప్పుడు పై పెదవి క్రింది పుప్పొడి దాని వీపునకు అంటుకొనును. అది మరియొక పూవునకు పోయినప్పుడు ఆ పుప్పొడి అచ్చటి కీలాగ్రమునకు చేరును. పూవు రాలిన తరువాత కోశపు గొట్టము అడుగున నాలుగు చిన్న గింజలు పండును. ఎండిన మొక్కను వంచి దులిపినచో నేలపై రాలునవి ఇవియే. మరుసటి వానకు మొలచునవియు ఇవియే.

ల్యూకాస్ ప్రజాతిలో ఆసియా, ఆఫ్రికా ఖండములందు నూరునకు దరిదాపు జాతులు గలవు. తెలుగునాట తుమ్మి యను పేరు వీనిలో ఒక్కదానికే పరిమితము కాదు. పెద్దతుమ్మి అనునది ల్యూకాస్ సెఫలోటస్. దీని పూలు కొమ్మల చివర పెద్ద గుండ్రని బంతులుగా ఏర్పడి, చుట్టును ఆకుల వంటి పుష్పపుచ్ఛములు కలిగి యుండును. ఆయుర్వేద గ్రంథములలోని ద్రోణపుష్పిని ఎక్కువమంది దీనితో గుర్తింతురు. దొన్నె వంటి పూవు గలది యని ఆ సంస్కృత నామమునకు అర్థము. ఒకే పేరు దగ్గరి చుట్టములైన రెండు మూడు జాతులకు చెల్లుట పల్లెటూరి వాడుకలో సహజము. శాస్త్రమునకు పేరుతోబాటు మొక్కయు కావలెననుటకు కారణమిదియే.

పేరు పుట్టుపూర్వోత్తరములు

తుమ్మి యను పేరును మొదట ఇతర పదముల నుండి వేరుచేసికొనవలెను. నల్లతుమ్మ ముండ్లచెట్టు; దానికిని తుమ్మికిని వృక్షశాస్త్రమున ఏ సంబంధమును లేదు. సంస్కృతమున తుంబీ యనగా సొర, అదియు వేరు. పడిసెము పట్టినప్పుడు ఈ ఆకురసమును ముక్కున పిండుట గలదు గావున తుమ్ము పుట్టించునది తుమ్మి యని కొందరు పల్లెలలో చెప్పుకొందురు. ఆ వ్యుత్పత్తి వినుటకు ముచ్చటగా నున్నను, పొరుగు భాషలను చూచిన నిలువదు.

తమిళమున ఈ మొక్క తుంబై. మలయాళమున తుంబ. కన్నడమున తుంబె. తుళువులోను దగ్గర రూపమే. తెలుగున తుమ్మి. ఈ రూపములను ప్రక్క ప్రక్కన పెట్టి చూచినవారికి తెలుగు మాట ఇతర భాషల మాటకు చెడిన రూపమా యను అనుమానము కలుగవచ్చును. సరిహద్దు గ్రామములలో అట్టి మాట వినుటయు కద్దు. కాని భాషాశాస్త్రము ఆ యనుమానమును పూర్తిగా తీర్చుచున్నది.

తమిళ కన్నడములలో హ్రస్వాచ్చు తరువాత వచ్చు ‘ంబ’ తెలుగున పెక్కు మాటలలో ‘మ్మ’ యగును. తమిళ కన్నడములలో బాణము అంబు, తెలుగున అమ్ము. అచ్చట విశ్వసించుట నంబు, ఇచ్చట నమ్ము. అచ్చట పశువు కొంబు, ఇచ్చట కొమ్ము. అచ్చట పూలపై తిరుగు కీటకము తుంబి, ఇచ్చట తుమ్మెద. ఈ వరుసలోనిదే తుంబై, తుంబె, తుమ్మి. బరో, ఎమెనో పండితులు 1961లో ప్రకటించి, 1984లో పెంచి మరల వెలువరించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు ఈ రూపములను ఒకే మూలము క్రింద చేర్చినది. కావున తుమ్మి యనునది అరువు తెచ్చుకొన్న మాట కాదు, చెడిన మాటయు కాదు. తల్లిభాష ఆస్తిని పంచుకొన్న అక్కచెల్లెండ్రలో తెలుగు తన వాటాను తన పద్ధతిలో నిలుపుకొన్నదనుటకు ఇది సాక్ష్యము.

ఉత్తరాదికి పోయినచో కుదురు మారును. హిందీలో ఈ మొక్కను గూమా యందురు. మొక్క అచ్చటను విరివిగా పెరుగునదే. పేరు మాత్రము ద్రావిడ భాషల పేరుతో సంబంధము లేనిది. ఈ భేదము రాష్ట్రేతర తెలుగువారి విషయమున ముఖ్యమైనది గావున వ్యాసము చివర మరల ప్రస్తావింపబడును.

ఆచారములు, వాఙ్మయము

చిన్న మొక్కయైనను దక్షిణదేశపు వాఙ్మయమున తుమ్మికి పెద్ద స్థానము కలదు. ప్రాచీన తమిళ లక్షణ గ్రంథమైన తొల్కాప్పియము యుద్ధవిషయములను కొన్ని తిణైలుగా విభజించి, వానికి పూల పేర్లు పెట్టినది. ఇరుపక్షముల రాజులును పరాక్రమమే ప్రధానముగా ఎదురెదుర నిలిచి చేయు పోరునకు తుంబై యని పేరు. అట్టి పోరున వీరులు తుంబై పూలు ధరించుట ఆ సంప్రదాయము. రాజుల యుద్ధమునకు చేలగట్టున పూచు పూవు గుర్తగుట గమనింపదగినది. కేరళమున ఓణపు పండుగనాడు ముంగిట తీర్చు పూలముగ్గునకు తుంబపూవు ముఖ్యము. కన్నడ తమిళ దేశములలో ఇది శివునకు ప్రీతియైన పూవు.

తెలుగునాట తుమ్మికి ప్రత్యేకమైన దినము వినాయక చవితి. వ్రతకల్పములోని ఇరువదియొక్క పత్రులలో తుమ్మి లేదు. పుదీనా కుటుంబము నుండి అందు తులసియు మరువమును ఉన్నవి. కాని తెలంగాణమున ఆనాడు తుమ్మికూర వండుట అనేక కుటుంబముల ఆచారము. పూజకు పత్రియు, వంటకు తుమ్మియు ఒకే ఉదయమున చేలనుండి వచ్చును. భాద్రపదము నాటికి వానలకు మొలచిన తుమ్మి లేతగా, విరివిగా దొరకును. లేత ఆకులను ఏరి, కొంచెము చేదున్నను పప్పుతో చేర్చి వండుదురు. ఋతువు ఇచ్చిన ఆకును ఆ ఋతువున వచ్చిన పండుగతో ముడివేసిన పెద్దల యోచన ఇందు తెలియును.

వైద్యపు వాడుకలను గూర్చి ఒక మాట చెప్పవలెను. జలుబునకు, తలనొప్పికి, చర్మవ్యాధులకు, పురుగు కాటునకు తుమ్మి ఆకును వాడుట దక్షిణదేశమంతటను కలదు. పాముకాటునకు గూడ దీని రసమును పోయుదురు. ఇవి వాడుక చరిత్రలో నమోదు కావలసిన విషయములే. కాని పాముకాటునకు తుమ్మిరసముపై ఆధారపడి ఆలస్యము చేయుట ప్రాణాపాయకరము. విషమును విరుచు సూదిమందు గల ఆసుపత్రికి వెంటనే చేర్చుటయే మార్గము. పూర్వుల వాడుకను గౌరవించుటకును, దానిని పరీక్షింపక అనుసరించుటకును భేదము కలదు.

శాస్త్రగ్రంథములలో ప్రవేశము

ఇంతవరకు జనవ్యవహారమున తుమ్మి నడచిన త్రోవ. ఐరోపీయుల గ్రంథములలోనికి అది ప్రవేశించిన త్రోవ వేరు. ఆ త్రోవ 17వ శతాబ్దమున పశ్చిమతీరమున మొదలై, తరువాత తూర్పుతీరమునకు వచ్చినది.

కొచ్చిలోని డచ్చి పాలకుడు వాన్ రీడ్ మలబారు మొక్కలను గూర్చి హోర్టస్ మలబారికస్ అను 12 సంపుటముల గ్రంథమును సిద్ధపరచెను. అది 1678 నుండి 1693 వరకు ఆమ్‌స్టర్‌డామున అచ్చయినది. 1690 నాటి 10వ సంపుటమున తుంబ యను పేరుతో ఈ మొక్క చిత్రించి వర్ణింపబడినది. ఆ గ్రంథమునకు దేశీయ నామములను, గుణములను తెలిపినవారు ఇట్టి అచ్యుతన్ అను మలయాళ వైద్యుడును, రంగభట్టు, వినాయక పండితుడు, అప్పుభట్టు అను ముగ్గురు కొంకణి బ్రాహ్మణులును. వారి ధ్రువపత్రములు గ్రంథముననే ముద్రింపబడినవి. విషయము తెలిపినవారి పేర్లను ఆ విధముగా నిలుపుట ఆ కాలమున అరుదు.

1753లో లిన్నేయసు మొక్కలకు రెండు పదముల నామపద్ధతిని స్థిరపరచినప్పుడు తుమ్మికి దగ్గరి చుట్టమైన ఒక సింహళపు మొక్కను ఫ్లోమిస్ ప్రజాతిలో చేర్చెను. తరువాతి వారు అదే బాటను పట్టిరి. బెర్లిన్ వృక్షోద్యానమునందలి మొక్కల పట్టికను 1809లో ప్రకటించిన విల్డెనో మన తుమ్మికి ఫ్లోమిస్ ఆస్పెరా యని పేరు పెట్టెను. ఆ నడుమ 1810లో రాబర్ట్ బ్రౌన్, ఆస్ట్రేలియా మొక్కలను గూర్చిన గ్రంథమున, ఫ్లోమిస్ నుండి ఇట్టి మొక్కలను విడదీసి ల్యూకాస్ అను ప్రజాతిని ఏర్పరచెను. 1822లో విల్డెనో తరువాత ఆ ఉద్యానమునకు అధికారియైన లింక్ రెండు పేర్లను కలిపి ల్యూకాస్ ఆస్పెరా యనెను. నేటి పేరు అదియే. మన పొలముల మొక్కకు బెర్లిన్ తోటలో పేరు స్థిరపడినది.

తూర్పుతీరపు కథ తెలుగువారికి మరింత దగ్గరిది. 1768లో తరంగంబాడి డేన్ల స్థావరమునకు వచ్చిన కోనిగ్ లిన్నేయసునకు శిష్యుడు. దక్షిణదేశమున లిన్నేయసు పద్ధతిని ప్రవేశపెట్టినవారిలో ఆయన ముఖ్యుడు. 1778లో ఈస్టిండియా కంపెనీ కొలువున చేరి, 1785లో కాకినాడ చెంతనున్న జగన్నాథపురమున మరణించెను. ఆయన స్నేహితుడైన రాక్స్‌బర్గ్ 1781 నుండి సామర్లకోటలో ఉండి తోట వేసి, దేశీయ చిత్రకారులచే మొక్కల బొమ్మలు వ్రాయించెను. ఆయన 1793లో కలకత్తా తోటకు పోయినను, గోదావరి మండలమున చేసిన పనియే కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చిన ఆయన గ్రంథమునకు పునాది. 1795 మొదలుగా మూడు సంపుటములుగా వెలువడిన ఆ గ్రంథమున 300 చిత్రములు గలవు.

రాక్స్‌బర్గ్ మరణానంతరము 1832లో పూర్తిగా అచ్చయిన ఆయన ఫ్లోరా ఇండికా గ్రంథమున తుమ్మికి మరియొక పేరు కనుపించును: ఫ్లోమిస్ ఎస్క్యులెంటా. ఎస్క్యులెంటా యనగా తినదగినది. బెర్లిన్‌లోని పండితుడు చేతికి తగిలిన గరుకును బట్టి పేరు పెట్టెను. ఈ దేశమున ముప్పదేండ్లకు పైగా నివసించిన పండితుడు వంటయింటి వాడుకను బట్టి పేరు పెట్టెను. శాస్త్రనియమమున ముందు ప్రకటించిన పేరే నిలుచును గావున గరుకు నిలిచి, కూర పర్యాయపదముగా మిగిలిపోయినది. అయినను మొక్కతో బ్రదికినవారి అనుభవమును పలికినది రాక్స్‌బర్గ్ పేరే.

పెద్దతుమ్మి చరిత్రయు ఈ తీరమునదే. తరంగంబాడికి వచ్చి, రాక్స్‌బర్గ్ తరువాత సామర్లకోట తోటను చూచి, పిమ్మట బెంగుళూరు లాల్‌బాగున పనిచేసిన హైన్ తాను సేకరించిన మొక్కలను జర్మనీకి పంపెను. వానిని పరిశీలించిన రోత్ 1821లో ఫ్లోమిస్ సెఫలోటస్ అని పెద్దతుమ్మికి పేరుంచెను. 1825లో స్ప్రెంగెల్ దానిని ల్యూకాస్ లోనికి మార్చెను. తరువాత బెంథమ్ 1832 నుండి 1836 వరకు ఈ కుటుంబమునంతటిని గూర్చి ప్రత్యేక గ్రంథము వ్రాసి ఈ జాతుల లక్షణములను క్రమపరచెను. 1885లో హూకర్ సంపాదకత్వమున వెలువడిన బ్రిటిష్ ఇండియా వృక్షగ్రంథము 4వ సంపుటమును, 1915-1936 నడుమ గాంబుల్ ప్రారంభింపగా ఫిషర్ ముగించిన మద్రాసు రాజధాని వృక్షగ్రంథమును ఆ క్రమమును స్థిరపరచినవి. ఒక చిన్న కలుపుమొక్క ఇట్లు నూటయేబదేండ్లలో ప్రజాతి మారి, పర్యాయపదములు కూర్చుకొని, నిలకడ పొందినది. ఆ కాలమంతటను పల్లెలో దాని పేరు ఒక్క అక్షరమైనను మారలేదు.

తెలుగు చేతులు, తెలుగు నోళ్లు

ఆ గ్రంథముల వెనుక పనిచేసిన దేశీయులను గూర్చి తెలిసినది తక్కువ. సామర్లకోటలో రాక్స్‌బర్గునకు బొమ్మలు వ్రాసిన చిత్రకారుల పేర్లు ఆయన గ్రంథమున లేవు. మొక్క పేరడిగినప్పుడు చెప్పిన రైతు, ఆకు గుణమడిగినప్పుడు చెప్పిన వైద్యుడు, వనములలో దారి చూపిన కూలి చరిత్రలో నిలువలేదు.

దీనికి ఒక గొప్ప మినహాయింపు కలదు. 1819లో మద్రాసునకు వచ్చిన రాబర్ట్ వైట్ దక్షిణదేశపు మొక్కలను గూర్చి జీవితమంతయు పనిచేసెను. 1838 నుండి 1853 వరకు ఆయన ప్రకటించిన ఐకోనెస్ అను చిత్రగ్రంథమున రెండువేలకు పైగా పటములు గలవు. వానికి మూలచిత్రములను వ్రాసినవారిలో ముఖ్యులు రంగయ్య, గోవిందు అను ఇరువురు. వీరు తంజావూరు చిత్రకళా సంప్రదాయమునకు చెందిన తెలుగు రాజుల కులమువారని చరిత్రకారులు గుర్తించిరి. నాయకరాజుల కాలము నుండి తంజావూరు, తిరుచిరాపల్లి, మధుర మండలములందు స్థిరపడిన తెలుగు కుటుంబముల చేతిపనియే తంజావూరు చిత్రముల ప్రసిద్ధికి మూలము. బంగారు రేకుతో దేవతామూర్తులను తీర్చిన ఆ సంప్రదాయపు చేయియే కేసరముల లెక్కను, గింజ చీలికను, ఆకు అంచు గంటును తప్పక వ్రాయగలిగినది.

శాస్త్రజ్ఞులు ఈ ఋణమును గుర్తించిరి. 1832లో నీస్ అను జర్మన్ పండితుడు ఒక ప్రజాతికి రంగయ్య పేరు మీదుగా రంగియా యని పేరు పెట్టెను. 1853లో వైట్ ఒక ఆర్కిడ్ ప్రజాతికి గోవిందూయియా యని నామకరణము చేసెను. ఈ రెండవ పేరు తరువాత పర్యాయపదముగా మారినను, గ్రంథమున చెరగిపోలేదు. తెలుగుదేశమునకు వెలుపల తరతరములుగా జీవించిన తెలుగువారి పేరు లాటిన్ రూపమున ప్రపంచ వృక్షశాస్త్రమునకు ఎక్కుట సామాన్యమైన విషయము కాదు.

పేర్లను కూర్చుటయందు మేలు చేసినవాడు వాల్టర్ ఇలియట్. 1845 నుండి 1854 వరకు ఉత్తర సర్కారుల కమీషనరుగా నుండి, 1859లో మద్రాసున ఫ్లోరా ఆంధ్రికా యను గ్రంథమును ప్రకటించెను. ఉత్తర సర్కారులలో సామాన్యముగా కనుపించు మొక్కల తెలుగు పేర్లకు శాస్త్రనామములను జోడించిన పట్టిక అది. రాజ్యపాలన నడుమ ఒక పరదేశీయుడు తెలుగు పల్లెలు పలుకు మొక్కల పేర్లు గ్రంథమునకు తగినవని తలచుట గమనింపదగినది. ఆ పేర్లను ఆయనకు చెప్పినవి తెలుగు నోళ్లు.

రాష్ట్రేతర తెలుగువారును, తుమ్మియు

ఇలియట్ గ్రంథము ఉత్తర సర్కారులకు పరిమితము. కోలారు, పావగడ, బళ్లారి ప్రాంతములందును, హోసూరు, కృష్ణగిరి, కోవిల్‌పట్టి, మధుర ప్రాంతములందును, బరంపురము, పర్లాకిమిడి, రాయగడలందును, సిరొంచ, షోలాపురములందును నివసించు తెలుగువారు ఏ మొక్కను ఏమని పిలుతురో దాని పరిధిలోనికి రాలేదు. యానాము సంగతి వేరు. చుట్టును తెలుగునేలయే గావున అచ్చట పేరునకు ముప్పు తక్కువ. తక్కిన చోట్ల స్థితి రెండు విధములు.

తమిళనాడు, కర్ణాటకములలో పొరుగు భాష చుట్టపు భాష. తుంబై యనునది గాని, తుంబె యనునది గాని విన్న తెలుగు బాలుడు మొక్కను పోల్చుకొనును. అంతవరకు మేలే. కాని చుట్టపు మాట కావుననే అది ఇంటి మాటను చప్పుడు లేక తోసివేయును. పాఠ్యపుస్తకమున తుంబై, వీథిలో తుంబై, ఇంట అవ్వ నోట మాత్రము తుమ్మి. అవ్వతో ఆ మాట పోయినచో పోయినట్లును తెలియదు. పైగా, మిగిలిన వారు దానిని పొరుగు మాటకు చెడిన రూపమని తలచి సిగ్గుపడుటయు సంభవము. అమ్ము, నమ్ము, కొమ్ము, తుమ్మెద వరుసను ఒక్కమారు నల్లబల్లపై వ్రాసి చూపినచో ఆ సిగ్గునకు చోటుండదు.

ఒరిస్సా సరిహద్దున స్థితి వేరు. పొరుగు భాష ఆర్యభాష. అచ్చట తెలుగు మాట మరచిపోయిన పక్షమున దానిని గుర్తుచేయు చుట్టపు మాట చెవిని పడదు. తుమ్మి పోయిన యెడ మొక్క తెలుగున పేరులేనిదై మిగులును. పేరులేని మొక్క కలుపుగా పెరికివేయబడును గాని, కూరగా ఏరబడదు, పూజకు కోయబడదు.

ఈ నష్టము పూడ్చుటకు మార్గము కష్టమైనది కాదు. ప్రతి తెలుగు పల్లెయందును పెద్దలు చెప్పు మొక్కల పేర్లను మూడు వరుసలలో వ్రాయవచ్చును: ఇంటి తెలుగు పేరు, పొరుగు భాషలో పేరు, శాస్త్రనామము. తుమ్మి విషయమున చూచినట్లు ఒకే పేరు పలు జాతులకు చెల్లును గావున, పేరుతోబాటు పూవున్న కొమ్మను కాగితముల నడుమ నొక్కి ఆరబెట్టి, ఊరి పేరును, తేదిని వ్రాసి యుంచవలెను. పూవు లేని కొమ్మ వలన జాతి నిర్ణయము సందేహాస్పదమగును. కూరకు వాడునది ఏది, పూజకు వాడునది ఏది, ఏ పండుగకు ఏ ఆకు అను వివరము ప్రక్కన చేర్పవలెను. పాఠశాల పిల్లలు వానకాలపు ఒక మాసమున చేయగలిగిన పని ఇది. దానికి ధనము అక్కరలేదు. అవ్వతాతల యొద్ద కూర్చుండు తీరిక కావలెను.

రాజుల దండయాత్రలు, శాసనములు, దానపత్రములు తెలుగువారి వలసల చరిత్రకు ఆధారములు. వలసపోయిన కుటుంబము తనవెంట కొనిపోయిన మాటలును అట్టి ఆధారములే. మొక్క క్రొత్త నేలమీద ముందే మొలచి యున్నది. కుటుంబము దానికి తన ఇంటి పేరుపెట్టి పిలిచినది. తమిళ సీమ నడుమ నాలుగైదు వందల యేండ్లుగా నున్న తెలుగు పల్లెలో నేటికిని ఒక అవ్వ ఆ మొక్కను తుమ్మి యనుచున్నచో, ఆమె నోట నున్నది శాసనమునకు తీసిపోని సాక్ష్యము. శాసనము రాతిపై నుండును గావున మరియొక శతాబ్దమునకైనను చదువవచ్చును. అవ్వ నోటి మాటను ఆమె యుండగనే వ్రాసికొనవలెను.